పెద్ద సైజు తీసుకున్నా స్కీ బూటు ఎందుకు నొప్పిస్తుంది?

క్లుప్తంగా: స్కీయింగ్‌కు వెళ్లిన మొదటి రోజే పాదాలు నొప్పెడితే, బూటు బిగుతుగా ఉందనుకుని ఇంకా పెద్ద సైజు అడగడం మామూలు. చాలాసార్లు అసలు చిక్కు బిగుతు కాదు, వదులు. బూటు లోపల మడమ కుదురుగా నిలవకపోతే వేళ్లు ముందుకు వెళ్లి గుద్దుకుంటాయి. ఆ కదలికను ఆపడానికి బకిళ్లు అతిగా బిగిస్తారు. తిమ్మిరి, చల్లబడిన వేళ్లు, నల్లబడిన గోళ్లు ఆ తర్వాత వచ్చేవి. పాదాన్ని సెంటీమీటర్లలో కొలుచుకుని వెళ్లడం, ఒకే జత పల్చటి సాక్సు వేసుకోవడం, బూటు లోపలి మెత్తను తీసి బయటి డొల్లలో పాదం పెట్టి చూడటం తెలిస్తే అద్దె బూట్లతోనే చాలావరకు గట్టెక్కవచ్చు.

లంబసింగి మంచు వేరు

విశాఖపట్నంలో 'మంచు చూడటానికి వెళ్తున్నాం' అంటే చాలాకాలం లంబసింగి అనే అర్థం. అది పొగమంచు. స్వెటరు, మఫ్లరు, రోజూ వేసుకునే బూట్లు ఉంటే సరిపోతుంది. చలికాలం సెలవుల్లో గుల్మార్గ్‌కో, ఔలీకో, మనాలీ దగ్గరి సోలాంగ్ లోయకో వెళ్లిన కుటుంబాలు చూసే మంచు వేరు. గుల్మార్గ్ సముద్రమట్టానికి దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గొండోలా అనే కేబుల్ కారు రెండో దశలో ఎక్కితే 3,900 మీటర్లు దాటుతుంది. జనవరిలోనూ ఫ్యాను వేసుకునే ఊరి నుంచి వెళ్లినవాళ్లు చలికి భయపడి కోట్లు, గ్లవుజులు, టోపీలు సర్దుకుంటారు. పాదాల గురించి ఆలోచన వచ్చేది మాత్రం అద్దె దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నాకే. 'నంబరెంత?' అని అడుగుతారు, 'ఎనిమిది' అని చెబుతారు, ఓ జత బూట్లు ముందుకొస్తాయి. ఆ ఒక్క నిమిషంలో జరిగిన పొరపాటు మిగతా రోజంతా వెంటాడుతుంది.

చెప్పు కరవడం లాంటిది కాదు

కొత్త చెప్పు కరిస్తే ఏం చేయాలో తెలుగు ఇళ్లలో చెప్పక్కర్లేదు. కాస్త కొబ్బరినూనె రాసి నాలుగు రోజులు వేసుకుని తిరిగితే తోలు సాగి పాదానికి అలవాటు పడుతుంది. స్కీ బూటు దగ్గర ఈ అనుభవమే తప్పుదారి పట్టిస్తుంది. దాని బయటి డొల్లను షెల్ అంటారు. అది గట్టి ప్లాస్టిక్. నాలుగు రోజులు కాదు, నాలుగు సీజన్లు వేసుకున్నా సాగదు. చలికి ఇంకా బిర్రబిగుస్తుంది కూడా. హోటల్ గదిలో వేసి చూసినప్పుడు తేలిగ్గా వంగిన బూటు మంచులోకి వెళ్లాక రాయిలా అనిపించడానికి కారణం ఇదే. రాత్రంతా కారు డిక్కీలో ఉంచిన బూటులోకి పొద్దున్నే కాలు దూర్చడమే ఒక యుద్ధం.

షెల్ లోపల మెత్తటి ఫోమ్‌తో చేసిన లైనర్ ఉంటుంది. బూటులో కాస్తో కూస్తో పాదానికి అనుగుణంగా మారేది ఇదొక్కటే. అది కూడా ఒక వైపుకే మారుతుంది. వాడేకొద్దీ ఫోమ్ అణిగి పలచబడుతుంది, మళ్లీ ఉబ్బదు. ఎంతోమంది పాదాలు చూసిన అద్దె బూటులో లైనర్ ఎప్పుడో అణిగిపోయి ఉంటుంది. అంటే నంబరు సరిపోయినా లోపల చోటు ఆ నంబరుకు ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చేస్తారు? మామూలు బూటు పని పాదాన్ని నేల నుంచి కాపాడటం. స్కీ బూటు పని కాలి కదలికను కింద ఉన్న స్కీకి, అంటే మంచు మీద జారే పొడవాటి పలకకు, చేరవేయడం. స్కీయర్ మోకాలిని, కాలి ముందు ఎముకను ముందుకు నొక్కితే ఆ ఒత్తిడి బూటు అంచు మీదుగా స్కీ కొసకు వెళ్లాలి. బూటు మెత్తగా ఉంటే ఆ ఒత్తిడి మధ్యలోనే పోతుంది, స్కీ మాట వినదు. నడవడానికి ఏమాత్రం పనికిరాని ఈ బరువైన వస్తువు మీద చాలామందికి కోపం వచ్చేది అందుకే. అది నడకకు చేసినది కానే కాదు.

సింహాచలం గిరి ప్రదక్షిణతో పోల్చి చూస్తే తేడా తేలిగ్గా అర్థమవుతుంది. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచే భక్తుల్లో చాలామంది చెప్పులు వేసుకోరు. తెల్లారేసరికి పాదాలు వాస్తాయి, అరికాళ్లు మండుతాయి, బొబ్బలు లేస్తాయి. అయినా ప్రతి అడుగుకూ వేళ్లు విచ్చుకుంటాయి, పిక్క కండరం రక్తాన్ని పైకి తోస్తూనే ఉంటుంది. స్కీ బూటులో పాదం వంగదు, వేళ్లు విచ్చుకోవు. ఎక్కడ ఒత్తిడి పడిందో గంటల తరబడి అక్కడే పడుతుంది. అరచేతంత చోట పంచుకోవాల్సిన బరువును రూపాయి బిళ్లంత ఎముక మోస్తుంది.

వదులు బూటులో జరిగేది

26 సెంటీమీటర్ల పాదం ఉన్న మనిషి 28 నంబరు స్కీ బూటు వేసుకున్నాడనుకుందాం. దుకాణంలో హాయిగా ఉంటుంది. వేళ్లు ఆడతాయి, ఎక్కడా ఒత్తుకోదు. 'ఇదే బాగుంది' అనేస్తాడు. దుకాణం వాడికీ పని తొందరగా తెమిలిపోతుంది.

వాలు మీదికి వెళ్లాక మొదటి మలుపు తిరగడానికి మోకాలు ముందుకు వంచుతాడు. మడమ వెనక చోటు ఉంది కాబట్టి కాలు వంగిన కొద్దీ మడమ పైకి లేస్తుంది. మడమ లేస్తే పాదమంతా ముందుకు జారుతుంది. బొటనవేలు వెళ్లి ప్లాస్టిక్ గోడకు తగులుతుంది. అది ఒక్కసారి అయితే ఫర్వాలేదు. ప్రతి మలుపుకూ, ప్రతి గతుకుకూ అదే చోట అదే గోరు గుద్దుకుంటుంది. సాయంత్రానికి గోరు కింద రక్తం చేరి నల్లబడుతుంది. చూసినవాళ్లంతా 'బూటు చిన్నదైంది' అంటారు. జరిగింది దానికి సరిగ్గా ఎదురు.

మడమ జారుతోందని తెలిసిన వెంటనే ఎవరైనా చేసేది బకిళ్లు బిగించడం. మీగాలి మీద ఉండే బకిల్ మడమను కొంత పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ బూటు పెద్దదైనప్పుడు దాన్ని రెండు మూడు పళ్లు ఎక్కువ బిగిస్తే తప్ప పట్టు దొరకదు. మీగాలి మీద చర్మం కింద కండ చాలా తక్కువ. అక్కడ ఎక్కువగా ఉన్నవి ఎముకలు, వేళ్ల వైపు వెళ్లే నరాలు, రక్తనాళాలు. వాటి మీద ప్లాస్టిక్ నాలుక నొక్కుకుపోతే మొదట తిమ్మిరి, తర్వాత సూదులు గుచ్చినట్టు, ఆ తర్వాత వేళ్లు ఉన్నట్టే తెలియకపోవడం. రక్తం సరిగ్గా ఆడని వేళ్లు త్వరగా చల్లబడతాయి కూడా. దాంతో 'చలికి కాళ్లు కొంకర్లు పోతున్నాయి' అని ఇంకో జత ఉన్ని సాక్సు తొడుగుతారు. బూటులో రక్తానికి మిగిలిన కాస్త చోటూ పోతుంది.

ఇంకొకటి పైకి కనిపించకుండా జరుగుతుంది. కాలు నిలకడగా లేనప్పుడు పాదం తనంతట తానే వేళ్లు ముడుచుకుని అడుగును పట్టుకోవాలని చూస్తుంది, వాన పడ్డ గచ్చు మీద నడిచినట్టు. గంటసేపు అలా పట్టుకునే ఉంటే అరికాలి వంపులో కండరాలు పట్టేస్తాయి. అరికాలు మండుతోందని, వంపు దగ్గర పీకుతోందని చెప్పేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

ఉక్కు కర్మాగారంలోనో, షిప్‌యార్డులోనో సేఫ్టీ బూట్లతో పనిచేసేవారికి ఇందులో సగం తెలిసిన విషయమే. పెద్ద నంబరు సేఫ్టీ బూటుతో ఇనుప మెట్లు దిగితే వేళ్లు ముందున్న స్టీలు టోపీకి తగులుతాయి. అయితే సేఫ్టీ బూటులో గట్టిగా ఉండేది ఆ ముందు భాగం ఒక్కటే, మిగతాది సాగే తోలు. స్కీ బూటులో చుట్టూరా గోడే.

నంబరు దగ్గరే మొదలు

మనం బూట్లకు చెప్పే 6, 7, 8 యూకే నంబర్లు. ఒక్కో నంబరుకు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. స్కీ బూట్లకు వాడేది మోండోపాయింట్ అనే పద్ధతి. అందులో మాయ ఏమీ లేదు, పాదం పొడవు ఎన్ని సెంటీమీటర్లుంటే అదే నంబరు. 26 సెంటీమీటర్ల పాదానికి 26.

తంటా ఎక్కడంటే, మనం స్పోర్ట్స్ బూటు కొనేటప్పుడు వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండేలా కొంటాం. పిల్లలకైతే వచ్చే ఏడాదికీ పనికొస్తుందని ఇంకాస్త పెద్దది కొంటాం. ఆ నంబరునే చార్టులో చూసి స్కీ బూటుగా మారిస్తే ఆ ఖాళీ కూడా వెంటే వస్తుంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. సాధారణంగా 26, 26.5 నంబర్లకు షెల్ ఒక్కటే. మారేది లైనరో, అడుగున వేసే పలకో మాత్రమే. అర నంబరు పెంచామని సంతృప్తి పడటమే తప్ప గట్టి గోడ అంగుళం కూడా కదలదు.

పొడవు ఒక సగం, వెడల్పు ఇంకో సగం. స్కీ బూటు తయారీదార్లు పాదం ముందు భాగం వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతారు. 26.5 నంబరు బూటులో 98 మిల్లీమీటర్లు ఉంటే సన్నం, 100 చుట్టుపక్కల మధ్యరకం, 102 పైన వెడల్పు అని లెక్క. ఎక్కువ మోడళ్లు యూరప్ కంపెనీలవి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలను కొలిపించింది. భారతీయుల పాదాలు మొత్తం మీద యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పని అందులో తేలింది. 'భా' అనే భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించడానికి ఆ సర్వేనే ఆధారం. స్కీ బూట్లు ఆ లెక్కలోవి కావు, కానీ వెడల్పు సంగతి ఇక్కడా పనికొస్తుంది. వెడల్పు పాదం సన్నటి షెల్‌లో పట్టకపోతే దుకాణంలో ఇచ్చే మందు పొడవు పెంచడం. పక్కలు సర్దుకుంటాయి, ముందూ వెనకా ఖాళీ మిగులుతుంది. అంటే వెడల్పు సమస్యను పొడవు సమస్యగా మార్చి చేతికిచ్చారన్నమాట. అడగాల్సింది పెద్ద నంబరు కాదు, అదే నంబరులో వెడల్పు మోడల్.

విశాఖలో బయల్దేరే ముందే కొలత తీసుకోవడం ఖర్చు లేని పని. సాయంత్రం పూట, పాదాలు కాస్త వాచి ఉండే వేళ, గచ్చు మీద కాగితం పరిచి మడమను గోడకు ఆనించి నిలబడాలి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది, బరువు పడితేనే పాదం పూర్తిగా సాగుతుంది. అన్నిటికంటే పొడవైన వేలి దగ్గర గీత గీసి గోడ నుంచి కొలవాలి. చాలామందికి అది బొటనవేలే, కొందరికి పక్క వేలు. రెండు పాదాలూ కొలవాలి, సాధారణంగా కొద్ది తేడా ఉంటుంది. ఆ సెంటీమీటర్ల అంకె ఫోనులో రాసుకుంటే చాలు, దుకాణంలో 'ఎనిమిది' అని చెప్పక్కర్లేదు.

అద్దె దుకాణంలో పది నిమిషాలు

రద్దీ వేళ దుకాణంలో తొందరపెడతారు. తొందరపడకపోవడమే మంచిది. ముందు బూటులోంచి లైనర్ బయటకు లాగమని అడగాలి. ఖాళీ షెల్‌లో పాదం పెట్టి, వేళ్లు ముందు గోడకు ఆనేలా నిలబడి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో వేళ్లు పెట్టి చూడాలి. ఒకటిన్నర వేలు నుంచి రెండు వేళ్లు పడితే మొదటిసారి స్కీయింగ్ చేసేవాళ్లకు సరైన కొలత. మూడు వేళ్లు దూరితే ఆ బూటు ఎంత హాయిగా ఉన్నా వద్దు.

లైనర్ మళ్లీ పెట్టి కాలు దూర్చాక మడమను రెండుసార్లు నేలకు తాటించి వెనక్కి కూర్చోబెట్టాలి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు ఆనీ ఆననట్టు తగలాలి. ఇక్కడే మొదటిసారి వేసుకునేవాళ్లు 'చిన్నదైంది' అంటారు. బకిళ్లు పెట్టుకుని మోకాళ్లు వంచితే మడమ వెనక్కి వెళ్లి వేళ్లకు చోటు వస్తుంది. స్కీ చేసేది ఆ వంగిన స్థితిలోనే కాబట్టి చూడాల్సింది అదే. నిటారుగా ఉన్నప్పుడే వేళ్ల ముందు బోలెడు చోటుంటే అది పెద్ద బూటు.

బకిళ్ల వరుస కూడా ముఖ్యమే. చాలామంది వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి బిగించుకుంటూ వస్తారు. చేయాల్సింది వేరు. ముందు అన్నిటినీ వదులుగా తగిలించాలి. తర్వాత చీలమండ పైనున్న వాటిని బిగించి మడమను గూటిలో కూర్చోబెట్టాలి, మీగాలి దానిని అవసరమైనంత బిగించాలి. వేళ్ల మీది బకిల్ పని షెల్‌ను మూసి ఉంచడమే. బకిల్ కాడ తిప్పితే మిల్లీమీటరు లెక్కన పొడవు మారుతుంది చాలా బూట్లలో. ఒక పన్ను బిగిస్తే నొప్పి, తీస్తే వదులు అయినప్పుడు ఆ మర తిప్పడమే దారి.

సాక్సు గురించి విశాఖ నుంచి వెళ్లేవాళ్లు పడే పొరపాటు ఒక్కటే: ఎక్కువ వేసుకోవడం. రెండు జతల ఉన్ని సాక్సు వేసుకుంటే ఒకదాని మీద ఒకటి జారి మడత పడుతుంది. గట్టి షెల్ కింద ఆ మడత గులకరాయి లెక్క. మోకాలి దాకా వచ్చే ఒకే జత పల్చటి స్కీ సాక్సు చాలు. నూలు సాక్సు చెమటను పట్టి ఉంచుతుంది, తడి పాదం త్వరగా చల్లబడుతుంది. థర్మల్ ప్యాంటు అంచు, జీన్సు అంచు ఏదీ బూటులోకి వెళ్లకూడదు. కాలి ముందు ఎముక మీద నొప్పి అని వచ్చినవాళ్ల బూటు విప్పి చూస్తే, అక్కడ ప్యాంటు కుట్టు అచ్చు పడి ఉండటం మామూలు.

బూటు మార్చుకుంటే ఒక సంగతి మరవకూడదు. స్కీకి బూటును పట్టి ఉంచే బైండింగ్‌ను బూటు అడుగు పొడవుకు తగ్గట్టు సరిచేస్తారు. ఆ పొడవు మిల్లీమీటర్లలో సాధారణంగా మడమ దగ్గరే అచ్చువేసి ఉంటుంది. వేరే షెల్ తీసుకుంటే బైండింగ్ మళ్లీ సరిచేయాల్సిందే. లేకపోతే పడినప్పుడు బూటు ఊడకపోవచ్చు, అవసరం లేనప్పుడు ఊడిపోవచ్చు. మొదటిది మోకాలికి చేటు. 'మధ్యాహ్నం బూట్లు మార్చుకున్నాం' అనేవాళ్లలో ఎందరు స్కీలు కూడా వెంట తీసుకెళ్లారన్నది అడగాల్సిన ప్రశ్న.

నొప్పి చోటును బట్టి

బొటనవేలి గోరు నొప్పెడుతుంటే ముందు బకిళ్లు, మడమ చూడాలి. పైవి సరిగ్గా బిగించినా వేలు గుద్దుకుంటుంటే అప్పుడు పొడవు అనుమానించాలి. చిటికెనవేలి పక్క ఎముక, పాదం లోపలి వైపు వంపు పైన పొడుచుకొచ్చే ఎముక, చీలమండ గుబ్బలు నొప్పెడితే ఆ సమస్య నిజంగా బిగుతుదే. అక్కడ బకిల్ వదులు చేసినా తీరదు, షెల్‌ను ఆ చోట వేడిచేసి బయటకు ఉబ్బించాలి. అద్దె బూటుకు ఎవరూ ఆ పని చేయరు కాబట్టి మోడల్ మార్చడమే మార్గం.

కాలి ముందు ఎముక కమిలిపోవడానికి సాధారణంగా పై భాగం వదులుగా ఉండటమో, భయంతో వెనక్కి వాలి స్కీ చేయడమో కారణం. వెనక్కి వాలి మళ్లీ ముందుకు పడ్డ ప్రతిసారీ ఎముక బూటు నాలుకకు కొట్టుకుంటుంది. పిక్కలు లావుగా, కిందికి ఉన్నవారికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, బూటు పై అంచు పిక్క కండరాన్ని నొక్కుతుంది. ఎత్తు తక్కువగా ఉండే మహిళల మోడళ్లు అందుకే ఉన్నాయి, అడిగి తీసుకోవాలి.

మడమ ఎంతకీ నిలవకపోతే చీలమండ బిగుసుకుపోయి ఉందేమో చూడాలి. దానికి ఇంట్లోనే పరీక్ష ఉంది: గొంతుకూర్చోవడం. మడమలు నేలకు ఆనించి తేలిగ్గా గొంతుకూర్చోగలిగితే చీలమండ బాగానే వంగుతోందని అర్థం. మడమలు లేస్తున్నాయంటే, ముందుకు వాలి ఉండే స్కీ బూటులోనూ లేస్తాయి. మడమ కింద చిన్న మెత్త వేస్తే కొంత తేడా కనిపిస్తుంది.

లిఫ్టులోనూ, టీ తాగేటప్పుడూ బకిళ్లు వదులు చేసి వేళ్లు ఆడించడం అన్ని రకాల నొప్పికీ పనికొచ్చే అలవాటు. కాసేపటికి రక్తం ఆడుతుంది.

సొంత బూటు సంగతి

రెండేళ్లకోసారి మూడు రోజులు స్కీ చేసేవాళ్లకు సొంత బూట్లు అనవసరం. గుల్మార్గ్‌లో వారం, రెండు వారాల కోర్సులు చేసి మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు మాత్రం స్కీల కంటే ముందు బూట్లే కొనుక్కోవడం తెలివైన పని. స్కీలు అద్దెకు తెచ్చుకున్నా నష్టం లేదు. పాదం కొలిచి, లైనర్‌ను వేడిచేసి మలిచి, షెల్‌ను సరిచేసే చోటే కొనాలి. విశాఖలో కూర్చుని ఆన్‌లైన్‌లో నంబరు చూసి తెప్పించుకుంటే అద్దె కౌంటరు పొరపాటునే ఎక్కువ డబ్బు పెట్టి చేసినట్టు. ఒక హెచ్చరిక: మన ఊరి ఉక్కపోతకు తడి లైనర్ బూజు పడుతుంది. రాగానే లైనర్లు బయటకు తీసి నీడలో ఆరబెట్టాలి.

ఎప్పుడు ఆపేయాలి

బూటు వేసుకున్న మొదటి పది నిమిషాల్లో గట్టిగా చేయి పట్టుకున్నట్టు అనిపించడం సహజం. బకిళ్లు వదులు చేశాక కూడా తిమ్మిరి తగ్గకపోయినా, వేళ్లు పాలిపోయి స్పర్శ తెలియకపోయినా ఆ రోజుకు ఆపేసి లోపలికి వెళ్లాలి. వేళ్లను మంచుతో రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. స్పర్శ లేని వేలికి కాలుతున్న సంగతి తెలియదు. గోరువెచ్చటి నీళ్లు, పొడి సాక్సు మంచివి. రంగు తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లలో కొందరికి పాదాల నరాలు దెబ్బతిని నొప్పే తెలియదు. మిగతావాళ్లకు నొప్పి చేసే హెచ్చరిక వాళ్లకు అందదు. ప్రతి గంటకూ బూటు విప్పి ఎర్రబడిన చోట్లు కళ్లతో చూసుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గిందని ముందే తెలిస్తే డాక్టరును అడగకుండా ఈ బూట్లు వేసుకోకపోవడమే మంచిది.

నల్లబడిన గోరు కింద పోటు ఎక్కువగా ఉంటే మొదటి రోజో రెండో రోజో డాక్టరు చిన్న రంధ్రం చేసి రక్తం తీసేస్తారు, వెంటనే ఉపశమనం దొరుకుతుంది. ఇంట్లో సూది కాల్చి గుచ్చుకునే పని మాత్రం వద్దు. పోటు లేకపోతే గోరును అలాగే వదిలేయవచ్చు. కొన్ని వారాలకు అది ఊడిపోవచ్చు, కింద నుంచి కొత్తది వస్తుంది. బొటనవేలి గోరు మొత్తం పెరగడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ జనవరిలో నల్లబడిన గోరు వచ్చే జనవరికి కూడా పూర్తిగా రాకపోవచ్చు.